కుడివైపు కుర్చీ

మా ఇంట్లో ఓ విమానం ఉంది. నవ్వకండి, నిజమే! ఒకప్పుడు నా కుట్టుమిషనూ, ఆవకాయ జాడీలూ ఉన్న వెనకగదిలోనే ఉంది. ప్లైవుడ్‌తో చేసిన ముక్కు, పాత సామాన్ల కొట్లో కొన్న కారు సీటు, ఎదురుగా మూడు కంప్యూటర్ తెరలు. బ్యాంకు నుంచి రాగానే మావారు అందులో దూరి హైదరాబాదు నుంచి విశాఖపట్నం వెళ్లిపోతారు. కాఫీ మాత్రం మా వంటింట్లోంచే వెళ్లాలి.

"ఈ వయసులో ఈ ఆటలేమిటి వదినా, నువ్వైనా చెప్పకూడదూ?" అంటుంది పక్కింటావిడ. నేను చెప్పను. పేకాట కన్నా వెయ్యిరెట్లు నయం కదా! పైగా దీన్ని ఆటబొమ్మ అని కొట్టిపారేసేవాళ్లకి దీని పుట్టుక తెలీదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రికి పియానోలూ, ఆర్గన్లూ చేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆ ఆర్గన్లలో వాడే గాలితిత్తులతోనే, మన హార్మోనియంలో ఉంటాయే అలాంటివాటితో, నేలమీద ఊగుతూ ఒరిగే చిన్న విమానాన్ని 1929లో తయారుచేశాడు. మొదట్లో వినోదశాలలవాళ్లే దాన్ని కొన్నారు. 1934లో తపాలా మోయబోయి, మబ్బుల్లో, చీకట్లో పైలట్లను పోగొట్టుకున్నాక గానీ అక్కడి సైన్యానికి ఆ బొమ్మ విలువ తెలిసిరాలేదు.

మావారి విమానంలో తిత్తులు లేవు. మీట వెనక, పాత రేడియోలో శబ్దం పెంచే మర కింద ఉండేలాంటి భాగమే ఉంటుంది. మీట తిరిగిన కొద్దీ వోల్టేజి మారుతుంది. ఆర్డ్వీనో అనే చిన్న బోర్డు ఆ మార్పును అంకెగా చేసి కంప్యూటర్‌కు చెబుతుంది. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? మా అమ్మాయి చెప్పింది. ఆ తీగలకు సోల్డరింగ్ చేసింది అదే. ఏ తీగ ఏ స్విచ్చిదో చీటీలు రాసి అంటించిందీ అదే.

నా తగువల్లా ఇక్కడే. ఆదివారం మావారి స్నేహితులు పిల్లలతో వస్తారు. మగపిల్లలు వరసగా సీటెక్కుతారు. మా అమ్మాయి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. "నాన్నా, ఒక్కసారి నేను దింపుతాను" అని అది అడిగితే, "ముందు ఆ కప్పులు తియ్యమ్మా, బాబు సరదా పడుతున్నాడు" అన్నారు. ఆ బాబు విమానాన్ని రన్‌వే దాటించి పొలాల్లో దింపాడు. అందరూ చప్పట్లు కొట్టారు!

మావారు చెడ్డవారేం కారు. కూతురంటే ప్రాణం. అందుకే అడుగుతున్నాను. అంత ప్రాణమైన పిల్లకి తీగలు అతికించే పని దొరికింది గానీ, కుర్చీ ఎందుకు దొరకలేదు?

ఆడపిల్లకి విమానాలెందుకన్న మాటకి 1936లోనే కాలం చెల్లింది. ఆ ఏడు సరళా థక్రాల్ ఇరవై ఒకటో ఏట, నాలుగేళ్ల పాపకి తల్లై ఉండి, చీరకట్టుతోనే ఒంటరిగా విమానం నడిపింది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరధ్రువం మీదుగా బెంగళూరుకి ఎయిరిండియా విమానాన్ని తెచ్చిన జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, మరో ఇద్దరు పైలట్లు, అంతా ఆడవాళ్లే.

ఇంట్లో నడిపితే లైసెన్సు రాదని నాకూ తెలుసు. మన దేశంలో వాణిజ్య పైలట్ కావాలంటే 200 గంటలు ఎగరాలి. మా వెనకగది గంటలు అందులో కలవవు. కానీ ఎగరాలన్న కోరిక మొలకెత్తేదీ, మొలకలోనే వాడిపోయేదీ ఇలాంటి వెనకగదుల్లోనే.

ఇంకోమాట. మావారు కట్టింది బోయింగ్ 737 నమూనా. అసలు విమానంలో పైలట్లకి సీట్లు రెండు. ఒకరు నడుపుతుంటే రెండోవారు కనిపెట్టుకుని ఉండి, తప్పు కనబడితే నోరు విప్పాలి. పెద్దాయన మాటే చెల్లితే ఏమవుతుందో 1977లో టెనెరిఫేలో తెలిసింది. ఎదుటి విమానం రన్‌వే మీంచి తప్పుకుందా అని ఇంజనీరు సందేహపడితే, కెప్టెన్ తప్పుకుందనేశాడు. రెండు జంబోజెట్లు ఢీకొని 583 మంది పోయారు. మావారేమో ఒక్క సీటే పెట్టారు. చోటు లేదట! నా కుట్టుమిషను కదిలిస్తే చోటు రాలేదూ?

పోయిన ఆదివారం భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి తెచ్చి కుడిపక్కన వేశాను. "ఇక్కడ అమ్మాయి కూర్చుంటుంది. కాఫీ ఫ్లాస్కులో ఉంది, కావలసినవాళ్లు వంటింట్లోకి వచ్చి పోసుకోండి" అన్నాను. స్నేహితులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావారు కాసేపు గడ్డం గోక్కుని, "సరే, జాబితా చదువమ్మా" అన్నారు. చదువుతూ చదువుతూ ఆగింది. "నాన్నా, ఫ్లాప్స్ దించలేదు" అంది. నిజంగానే దించలేదు!

మీ ఇంట్లో విమానం ఉండకపోవచ్చు. స్కూటరో, కారో, కంప్యూటరో ఉంటుంది. దాని ముందు మీ అమ్మాయి ఎన్నిసార్లు కూర్చుందో ఈ ఆదివారం లెక్కపెట్టండి. తక్కువ తేలితే, దాని చేతిలో పళ్లెం తీసి అబ్బాయి చేతికివ్వండి.