హ్యాపీ క్రిస్మస్ అంటే బొట్టు చెరిగిపోతుందా?

డిసెంబర్ వచ్చిందంటే చలితోపాటు మన ఫోన్లలోకి ఒక మెసేజ్ కూడా వస్తుంది. క్రిస్మస్ మన పండగ కాదు, ఎవరికీ శుభాకాంక్షలు చెప్పొద్దు, జనవరి 1 మన కొత్త సంవత్సరం కాదు, మనకు ఉగాది ఉంది, ఇది పదిమందికి పంపండి అని. ఫ్యామిలీ గ్రూపులో మొదలై కాలనీ గ్రూపుకు, అక్కడి నుంచి పిల్లల స్కూలు గ్రూపుకు పాకుతుంది. నాకు తెలిసిన గ్రూపుల్లో దాన్ని పంపేది ఎక్కువగా మన ఆడవాళ్ళమే. అందుకే ఈ మాట మనతోనే మాట్లాడాలనుకున్నా.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. శుభాకాంక్ష వేరు, పూజ వేరు. పక్కింటి కోడలి సీమంతానికి వెళ్తాం, గాజులు తొడుగుతాం, నిండు మనసుతో దీవిస్తాం. ఇంటికొచ్చేసరికి మనకేమైనా కడుపొస్తుందా? పండగ శుభాకాంక్ష కూడా అంతే. మీ ఇంట్లో సంతోషం చూసి నాకూ సంతోషంగా ఉంది అని చెప్పడం. డిసెంబర్ 25 ఏటా ధనుర్మాసంలోనే వస్తుంది. పొద్దున గుడిలో తిరుప్పావై విని, చక్కెర పొంగలి తిని, సాయంత్రం ఎదురింటికి వెళ్ళి హ్యాపీ క్రిస్మస్ అని వచ్చినదాన్ని నేను. నా బొట్టు చెరగలేదు. మా కమాన్‌పూర్ ఆదివరాహస్వామి బండ మీద వెలిసిన దేవుడు. నేను పక్కింట్లో చెప్పే ఒక్క మాటకు కదిలిపోతాడా?

"వాళ్ళు మన ప్రసాదం ముట్టరు కదా, మనమెందుకు చెప్పాలి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు కూడా వంటింట్లోనే ఉంది. మనింట్లో శనివారం మాంసం ముట్టనివాళ్ళు లేరా? ఏకాదశి ఉపవాసమున్న వదినకు బలవంతంగా అన్నం పెడతామా? పెట్టం. తినలేదని మాట్లాడటం మానేస్తామా? మానం. ప్రసాదం పూజలో భాగం, అందుకే కొందరు వద్దంటారు. మా అత్తమ్మ సంక్రాంతికి సకినాలు చేసేటప్పుడు నైవేద్యానికి ముందే ఒక డబ్బా పక్కకు తీసి అలాంటి ఇళ్ళకు పంపేది. వాళ్ళ నమ్మకం చెడలేదు, మన మర్యాద తగ్గలేదు. ఆమె ఏ బడికీ పోలేదు, ఈ గొడవను మాత్రం ఒక్క డబ్బాతో తీర్చేసింది.

ఇదే మాట అటువైపు వాళ్ళకూ చెప్తాను. దీపావళికి శుభాకాంక్షలు చెప్తే పాపం, సంక్రాంతి ముగ్గు చూసి బాగుందనకూడదు అని నేర్పే పెద్దలు వాళ్ళలోనూ ఉన్నారు. ఏ మతం పేరుతో వచ్చినా అది అదే మెసేజ్.

ఇక జనవరి 1. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబర్‌లో దేవాదాయ శాఖకు చెందిన హిందూ ధర్మ పరిరక్షణ ట్రస్టు, ఆ రోజు గుళ్ళలో ప్రత్యేక అలంకరణలు, వేడుకలు వద్దని సర్క్యులర్ పంపింది. ఉగాదే మన సంవత్సరాది అన్నది దాని వాదన. గుడి డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్నది గుడి చూసుకునే వాళ్ళ లెక్క, కాదనను. కానీ జనవరి 1న తెల్లవారకముందే గుళ్ళ ముందు వరుస కట్టేది ఎవరు? మనమే కదా! తేదీ ఇంగ్లీషుదైనా భక్తి మనది. జీతం, కరెంటు బిల్లు, పిల్లల పరీక్షలు, బాయిలో రిటైర్మెంటు అన్నీ ఆ క్యాలెండర్ మీదే నడుస్తుంటే, ఒక్క శుభాకాంక్ష మాత్రం పంచాంగం చూసి చెప్పాలా? ఉగాది పచ్చడి ఎక్కడికీ పోదు.

మన పాత కరీంనగర్ జిల్లావాళ్ళకు ఎవరో వచ్చి ఇవన్నీ నేర్పాలా? వేములవాడ రాజన్న గుడి ఆవరణలో తరతరాలుగా దర్గా ఉంది. మెదక్ చర్చి కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ దొర కట్టించింది, 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. రాళ్ళు మోసిన చేతులు ఏ మతానివని ఎవరూ అడగలేదు, ఆకలి ఒక్కటే చూశారు. నేను బీఏలో చదువుకున్న జాషువా "గబ్బిలం"లో తన బాధను కాశీలోని శివుడికే చెప్పి పంపాడు. ఆయనే "క్రీస్తు చరిత్ర" రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. రెండూ మన తెలుగే.

అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం మన బొగ్గుబాయి. డిసెంబర్ 23న సింగరేణి డే అని అందరం ఒకరికొకరం శుభాకాంక్షలు చెప్పుకుంటాం. అప్పుడెవరూ మతం అడగరు. రెండు రోజులకే లెక్కలెందుకు? షిఫ్టులో ఎవరి పక్కన ఎవరుండాలో మతం చూసి వేయరు. కింద పైకప్పు కూలితే ముందు అందే చెయ్యి ఎవరిదో ఇంట్లో కూర్చున్న మనకు తెలియదు. నైట్ షిఫ్టుకు మనిషిని పంపిన ఏ ఇల్లాలైనా ఈ మాట కాదనగలదా?

ఒక ఏడాది మా గ్రూపులో ఆ మెసేజ్ పడింది. అదే గ్రూపులో ఒక క్రైస్తవ చెల్లెలు కూడా ఉందని పంపినామెకు గుర్తులేదు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, మౌనంగా గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఏటా ఇంటింటికీ వచ్చే కేక్ పళ్ళెం ఆ ఏడు ఎవరింటికీ రాలేదు. "ఆంటీవాళ్ళింటికి ఈసారి ఎందుకు వెళ్ళట్లేదమ్మా?" అని ఆమె పిల్లలు అడిగి ఉంటారు. ఆమె ఏం చెప్పి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. మతాన్ని కాపాడుతున్నామనుకుని మనం చేసింది ఇదీ.

మత భేదాలు దాటి సోదరభావం పెంచాలన్నది మన రాజ్యాంగంలో 51ఎ అధికరణ చెప్పిన ప్రాథమిక విధి. అదే వాక్యంలో, స్త్రీల గౌరవాన్ని తగ్గించే ఆచారాలను వదిలేయాలని కూడా ఉంది. రెండోది మనకు కావాలంటే మొదటిది కూడా మన పనే.

కాబట్టి ఈ డిసెంబర్‌లో ఆ మెసేజ్ మీ ఫోన్‌కొస్తే అక్కడే ఆపేయండి. పంపింది మరిదైనా, మేనమామైనా, "ఇది నేను పంపను" అని గ్రూపులోనే మర్యాదగా చెప్పండి. 25న ఒక గుమ్మం దాకా వెళ్ళి, నోటితో శుభాకాంక్షలు చెప్పి రండి. సంక్రాంతికి ఒక డబ్బా ముందే పక్కకు తీయండి.

మీ వాడలో ఎలా ఉంది? రాయండి, చదువుతాను.