గోడకు అంచు

బీదరు జిల్లా చింతకివంటి ఊళ్లలో పాత సున్నపు గోడల ఇంటిని బాగుచేయించుకొనే సోదరీమణులకు ఒక మనవి. కప్పు కింద పూలపట్టీ, గోడ అడుగున స్కర్టింగు ఇంటికి నిండుదనం తెస్తాయి. కాని వాటికోసం గోడకు సిమెంటు మెత్తించకండి. సున్నం చెమ్మను బయటికి పోనిస్తుంది; సిమెంటు లోపలే బంధిస్తుంది. ఆ చెమ్మ పైకి పాకుతుంది. గోడ ఉప్పు పూసి పెచ్చులూడుతుంది. 1591లో కట్టిన చార్మినారుమీది నగిషీ సున్నపు గచ్చే. దాని మరమ్మతులూ సున్నంతోనే చేస్తున్నారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పట్టీలు చెమ్మకు మెత్తబడతాయి గనుక కప్పు దగ్గరే ఉంచండి. అడుగున మన పెద్దలు పూసిన ఎర్రమన్ను పట్టీ ఉండనే ఉన్నది! చీపురు దెబ్బలు, నీటి మరకలు అందులో కలిసిపోతాయి. ఏటా పండుగకు కొత్తదవుతుంది. ముందు చెమ్మను అరికట్టండి, అలంకారం తరువాత.