గంజాయి మొక్క చేసిన నేరమేమి?

దుష్టుని గూర్చి "తులసివనములో గంజాయి మొక్క" యని మనవారు చెప్పుదురు. ఆ సామెత వినుచు పెరిగిన మనకు అరకు పేరు చెప్పగానే కాఫీయు, ఆ వెంటనే గంజాయియు జ్ఞప్తికి వచ్చుచున్నవి. మొక్కమీది కోపమును మనుష్యులపై చూపుచున్నామని మా యభిప్రాయము.

ఈ మొక్క మన పూర్వులెఱుగనిది కాదు. పాణిని నువ్వులు, మినుములు, అవిసెలతోపాటు భంగను గూడ పేర్కొని, అది పండెడు చేనికి భంగ్యము, భాంగీనము అను పేళ్లు సాధించెను. ఎల్లోరా గుహల మట్టిపూతలో ఈ మొక్కను కలిపిరని 2016లో పరిశోధకులు తెలిపిరి. దీని బెరడునందు త్రాళ్లకు, గోనెలకు, వస్త్రములకు పనికివచ్చు నార కలదు. కాండము లోపలి బెండును సున్నముతో కలిపి గోడలు కట్టుదురు. గింజలనుండి నూనె తీయుదురు. మత్తు ముఖ్యముగా పూతయందే యున్నది.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ఈ భేదము నెఱుగును. నారకును గింజకును పారిశ్రామికముగా పండించుటకు ప్రభుత్వము అనుమతి నీయవచ్చునని దాని 14వ సెక్షను చెప్పుచున్నది. ఉత్తరాఖండము 2018లో ఆ దారి త్రొక్కెను. అనుమతి లేక పండించినవానికి 10 ఏండ్లవఱకు కఠినశిక్ష విధించునది 20వ సెక్షను. మన కొండలకు 20వ సెక్షను ఎక్కినంత వేగముగా 14వ సెక్షను ఎక్కలేదు! 2021లో "ఆపరేషన్ పరివర్తన" పేర వేలకొలది యెకరముల పైరు నరికిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత 2 లక్షల కిలోల గంజాయిని దహించిరి. మత్తును దహించుట తప్పని మేమనము. కాని మూట మోసిన కొండకుఱ్ఱవాడు చెఱసాలలో నుండగా, పెట్టుబడి పెట్టిన మైదానపు షావుకారు తఱచుగా తన యింటనే యుండుట న్యాయమా?

కాఫీ నాటుకొనుమని హితవు చెప్పుచున్నారు. మంచిదే. కాని కాఫీ కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును; అప్పులవాడు అంతకాలము ఆగునా? నారపైరు నాలుగు మాసములలో చేతికి వచ్చును.

నారపేరిట మత్తు పండింతురని కొందఱాక్షేపింతురు. నారపైరును ఒత్తుగా చల్లుదురు. అది కొమ్మలు లేక నిటారుగా పెరుగును. మత్తుపైరును ఎడముగా నాటి, పోతుమొక్కలను పెఱికివేయుదురు. చూపించినచో బడిపిల్లవాడైనను ఈ రెంటిని గుర్తింపగలడు. పైగా నారచేని పుప్పొడి గాలికి వచ్చి సమీపమందలి మత్తుతోటను గింజపట్టించి చెఱచును. పరీక్షించిన విత్తనమునే యిచ్చి, చేలను తనిఖీ చేయుట ప్రభుత్వమునకు అసాధ్యము కాదు.

అయినను మొక్క యొక్కటే కూడు పెట్టదు. ఉత్తరాంధ్రపు గోగునార "భీమునిపట్నపు జనపనార" యను పేర లోకవర్తకమున ప్రసిద్ధి కెక్కెను. ఆ రేవు చెంతనున్న చిట్టివలస జూటుమిల్లు 2009లో మూతపడెను. పేరు నిలిచెను గాని పని నిలువలేదు. కనుక ముడినార లారీలలో కొండ దిగుటకు మేము ఒప్పుకొనము. నార ఊరవేయు తొట్లు, వడకు రాట్నములు, నేయు మగ్గములు కొండమీదనే యుండవలెను. చెట్టునార వడకి తమ చీరలు తామే నేసికొన్న గదబ స్త్రీల సంతతికి ఈ విద్య క్రొత్తది కాదు.

1956లో నెలకొల్పిన గిరిజన సహకార సంస్థ యీ పనికి పూనుకొనవలెను. అనుమతి వచ్చులోపల లైసెన్సు అక్కఱలేని గోగును, జనుమును ఆరంభింపవచ్చును. చదువరులారా, పట్టణపు అంగళ్లలో ఈ నారతో నేసిన చొక్కాను నాగరికతయని వెలయిచ్చి కొని, అదే జాతి మొక్క పండించు కొండవానిని దొంగయని పిలుచుట మనకు తగునా? ఆ మాట మానుట మన యింటనే, నేడే ఆరంభింపదగిన సంస్కారము.