ఫిజియోథెరపీ విద్యార్థికి డిసెక్షన్ హాలు తలుపులు తెరవాలి

గచ్చిబౌలిలో ఫిజియోథెరపీ బల్ల ఎక్కేది ఎక్కువగా రెండు రకాల మనుషులు. రోజంతా ల్యాప్‌టాప్ ముందు మెడ వంచి కూర్చునే ఐటీ ఉద్యోగులు ఒకరు, భుజమో మోకాలో పట్టేసిన ఆటగాళ్లు మరొకరు. వాళ్లకు వైద్యం చేసేవారి చేతిలో మందుల చీటీ ఉండదు, కత్తి ఉండదు. చర్మం కింద ఏ కండరం ఎక్కడ మొదలై ఏ ఎముకకు అతుక్కుంటుందో, దాని పక్కనుంచి ఏ నరం పోతుందో ఆ చేతికే తెలియాలి.

ఆ తెలివిడి ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) మొదటి ఏడాది అనాటమీ క్లాసులో అబ్బాలి. సొంత డిసెక్షన్ హాలు లేని కళాశాలల్లో మాత్రం చార్టులు, ప్లాస్టిక్ నమూనాలు, త్రీడీ యాప్‌లే దిక్కు.

అవి పనికిరావని కాదు. కానీ నమూనా చూపించేది ఒకే మనిషిని. పిరుదులోని పిరిఫార్మిస్ కండరం కింది నుంచి సయాటిక్ నరం బయటికొస్తుందని పుస్తకం చెబుతుంది. చాలామందిలో అంతే. కొందరిలో ఆ నరం అక్కడే రెండుగా చీలి, ఒక పాయ కండరం మధ్యలోంచి వస్తుంది. ముంజేతిలోని పామారిస్ లాంగస్ కొందరికి అసలే ఉండదు. మణికట్టు సొరంగంలో మీడియన్ నరం, తొమ్మిది టెండన్లు ఎంత ఇరుకున సర్దుకున్నాయో వేలితో తడిమి చూసినవారికి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్న రోగి మాట బాగా అర్థమవుతుంది.

కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రతి బీపీటీ విద్యార్థికీ దగ్గరలోని ప్రభుత్వ వైద్య కళాశాల డిసెక్షన్ హాలులో నిర్ణీత గంటలు కేటాయించాలి. వాళ్లే కోయనక్కర్లేదు, ముందే కోసి సిద్ధం చేసిన భాగాలను పట్టుకుని చూడనిస్తే చాలు. ఆ వారంలోనే క్లాసులో ఒకరి భుజం మీద ఒకరు అదే కండరాన్ని తడిమి, పెన్నుతో గీసి చూపాలి. ప్రాక్టికల్ పరీక్షలో దానికి మార్కులుండాలి. 2021 చట్టంతో ఫిజియోథెరపీ ఒక జాతీయ కమిషన్ పరిధిలోకి వచ్చింది. చదువు తీరు మారుతున్న ఈ రోజుల్లోనే గట్టిగా అడగాలి.

మృతదేహాలు చాలవంటారేమో. కానీ దేహదానానికి ముందుకొచ్చేవారున్నారు. 2024 సెప్టెంబరులో సీపీఎం నేత సీతారాం ఏచూరి భౌతికకాయం దానంగా ఢిల్లీ ఎయిమ్స్‌కు చేరింది. మరుసటి నెలలో, పోలియో వల్ల చక్రాల కుర్చీలో బతికిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహాన్ని కుటుంబసభ్యులు హైదరాబాద్ గాంధీ వైద్య కళాశాలకు అప్పగించారు. గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ సంఘాలు ఉస్మానియా, గాంధీ కళాశాలల అనాటమీ విభాగాలను పిలిచి దేహదాన శిబిరాలు పెట్టాలి. సంతకం చేసినవారు ఆ సంగతి ఇంట్లోవాళ్లకు అప్పుడే చెప్పి ఉంచాలి. రేపు దేహాన్ని అప్పగించాల్సింది వాళ్లే.