పందిరి మంచానికి వెల కట్టేదెవరు?

"పాత ఇనుము, పాత ఇత్తడి, పాత కర్ర సామాన్లు కొంటాం..." అని మైకు పెట్టుకుని తిరిగే టెంపో మీ వీధిలోకీ వచ్చే ఉంటుంది. మా కాశీబుగ్గలో అయితే నెలకోసారైనా తిరుగుతుంది. ఆ అరుపు వినబడితే చాలు, మా అత్తగారి భోషాణం గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండుతుంది. టెంపో అతని మీద కాదు, నా మీద నాకే.

మా అత్తవారిది ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు పల్లె. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు పెంకుటిల్లు సగం కూలిపోయింది. కొబ్బరి, జీడి, పనస చెట్లు ఎలా నేలకొరిగాయో ఈ వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అంత గాలివానలోనూ భోషాణానికి మాత్రం ఏమీ కాలేదు. ఇల్లు లేదు కదా, దాన్ని పశువుల సాలలో పెట్టాం. కొన్నాళ్ళకి ఈ టెంపో వచ్చింది. అతను భోషాణం చుట్టూ ఒకసారి తిరిగి, కాలితో తన్ని చూసి, "సెద పట్టీసిందమ్మా, పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. ఏదో మీ మొకం సూసి మూడేలిస్తాను" అన్నాడు. అప్పుడు మూడు వేలంటే మాకు మూడు లక్షలు. ఇచ్చేశాను. దాన్ని టెంపో ఎక్కించడానికి నలుగురు మగాళ్ళు ఆపసోపాలు పడ్డారు. చెద తినేసిన కర్ర అంత బరువెందుకుంటుందని నాకు ఒక్క క్షణం తట్టలేదు చూశారా!

ఇదంతా ఎందుకు గుర్తు చేసుకుంటున్నానంటే, పోయిన వేసవిలో మందస దగ్గరుండే మా పిన్ని ఫోను చేసింది. "ఏటే అమ్మీ, ఆ టెంపోవోడు పందిరి మంచానికి ఐదేలంటన్నాడు. ఇచ్చీమంటావా?" అంది. మా బాబాయికి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. అది సర్కారు ఆస్పత్రిలో ఉచితంగానే చేస్తారు. కాని వారానికి మూడుసార్లు ఆటో, తోడు వెళ్ళే మనిషికి ఆ రోజు కూలి పోవడం, దారిలో తిండీతిప్పలూ, ఇవన్నీ ఉచితం కావు కదా. ఉద్దానంలో ఏ ఇంటికి వెళ్ళినా ఈ లెక్క చెబుతారు. "వారం రోజులు ఆగు పిన్నీ, నేనొస్తున్నాను" అన్నాను.

విశాఖలో చదువుకుంటున్న మా అమ్మాయి సెలవులకి ఇంట్లోనే ఉంది. "అమ్మా, ఇలాంటివి అమ్మే పెద్ద పెద్ద దుకాణాలు ఫోనులోనే ఉన్నాయి" అని చూపించింది. అందులో ఒకటి ఫస్ట్ డిబ్స్ అట. అమెరికాలో మైకేల్ బ్రూనో అనే ఆయన, పారిస్‌లోని పాత సామాన్ల సంత చూసి వచ్చి, 2000 సంవత్సరంలో మొదలుపెట్టాడట. 2021లో దాని షేర్లు అమెరికా స్టాక్ మార్కెట్‌కి కూడా ఎక్కాయి. అలాగే చెయిరిష్ అని ఇంకోటి, 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టింది. ఒక్కో కుర్చీ పక్కన వేసిన ధర చూసి నేను నోరెళ్ళబెట్టాను. అచ్చం మా భోషాణంలాంటిదే, ఇత్తడి పట్టీలతో సహా, వెయ్యి డాలర్లకు పైనే ఉంది. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

తర్వాత నిదానంగా ఆలోచిస్తే వేరే సంగతి అర్థమైంది. అది అడిగే ధరే గాని ఇచ్చే ధర కాదు. కొనేవాళ్ళు బేరం ఆడతారు, నెలల తరబడి ఎవరూ కొనకుండా ఉండిపోయేవీ ఉంటాయి. ఫస్ట్ డిబ్స్ లాంటి చోట మనలాంటి వాళ్ళం ఒక్క మంచం పట్టుకెళ్ళి అమ్మలేం. దుకాణందారుల్ని పరీక్షించి చేర్చుకుంటారు, వాళ్ళ దగ్గర చందా తీసుకుంటారు, అమ్మితే కమీషన్ తీసుకుంటారు. ఆ పైన బాగుచేయించడం, చెక్కపెట్టెలో ప్యాకింగు, ఓడ కిరాయి. కాబట్టి మన సాలలో లక్షలు మూలుగుతున్నాయని ఎవరూ అనుకోకండి. కాని మూడు వేలకీ ఆ ధరకీ మధ్య ఉన్న దూరమంతా ఖర్చులేనా? నాకలా అనిపించలేదు. ఆ దుకాణాల్లో ప్రతి వస్తువు కిందా ఏం రాశారో చూడండి. ఏ కర్ర, ఏ ఊరిది, ఏ ఏటిది, ఎవరు చేశారు, పొడవు వెడల్పు ఎంత, ఎక్కడ పగులుంది, ఎక్కడ అతుకుంది. సగం ధర ఆ రాతకే వస్తోంది. ఆ వివరాలేమో మన ఇళ్ళల్లో ముసలమ్మల నోట్లో ఉంటాయి. మనం అడగం, వాళ్ళు చెప్పరు. టెంపో అతను కర్ర ఒక్కటే కొనుక్కుపోతాడు.

దీనికి చండీగఢ్ కుర్చీల కథ వినాలి. 1950ల్లో ఆ నగరం కడుతున్నప్పుడు లె కార్బూజియేతో పాటు ఆయన దాయాది పియెర్ జాన్నెరే అనే ఆయన అక్కడి ఆఫీసులకీ, కాలేజీలకీ టేకు కర్ర, పేము అల్లికతో కుర్చీలూ బల్లలూ గీయించి చేయించాడు. ఏళ్ళు గడిచాక అవి విరిగితే డాబాల మీద పారేశారు, పనికిరాని సామాను కింద వేలం వేశారు. విదేశీ వర్తకులు వచ్చి కారుచౌకగా కొనుక్కెళ్ళారు. బాగుచేయించి, పారిస్‌లోనూ న్యూయార్కులోనూ వేలానికి పెడితే ఒక్కో కుర్చీ లక్షల రూపాయలు పలికింది. చివరికి 2011లో కేంద్ర హోం శాఖ ఆ సామాను అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. నాకు ముచ్చటేసిన సంగతేమిటంటే, ఆ కుర్చీల మీద ఫలానా ఆఫీసుది, ఫలానా నంబరు అని పెయింటుతో రాసి ఉండేది కదా, ఆ గీతలు ఉన్నవాటికే గిరాకీ ఎక్కువట. అది అసలైన కుర్చీ అనడానికి అదే సాక్ష్యం.

మన ఇళ్ళల్లోనూ సాక్ష్యాలుంటాయి. బుడితి ఇత్తడి బిందె మీద పెళ్ళికూతురి పేరు చెక్కించి ఉంటుంది. మంచం తలవైపు పలక మీద సంవత్సరం వేసి ఉంటుంది. మనం చేసేదేమిటి? పేరు పాతబడిందని గీకించేస్తాం, మంచానికి వార్నిష్ కొట్టించేస్తాం.

మా పిన్ని సరిగ్గా అదే చేయబోతోంది. నేను వెళ్ళేసరికి వడ్రంగి గరుకు కాగితంతో నిలబడి ఉన్నాడు. మంచం తళతళలాడితే ఇంకో రెండు వేలు వస్తాయని ఆవిడ ఆశ. వద్దు బాబూ అని ఆపించాను. అతని చేతే మంచమంతా పరీక్ష చేయించాను. "ఇది బర్మా టేకే, మా మావగారోళ్ళు రంగూను ఎల్లొచ్చినోళ్ళు" అని పిన్ని గట్టిగా చెప్పింది. (మన వైపు ఎవరింటికి వెళ్ళినా ఉన్నది బర్మా టేకే లెండి!) వడ్రంగి మంచం కోడు అడుగున, కనబడని చోట, కొంచెం చెక్కి చూశాడు. నాలుగు కోళ్ళూ పందిరి స్తంభాలూ టేకే. పక్క పలకలు మాత్రం పసుపు రంగు తేలాయి. పనస. పిన్ని ముఖం చిన్నబుచ్చుకుంది. "పనసకేం తక్కువ, బొబ్బిలి వీణలు చేసేది పనస కర్రతోనే కదా" అన్నాను. ఉన్నదున్నట్టు పనస అనే రాశాం. తర్వాత కొనడానికి వచ్చినాయన మమ్మల్ని నమ్మింది కూడా ఆ ఒక్క మాట చూసే.

అతుకుల్లో ఎక్కడా మేకు లేదు. చెక్కలో చెక్క దించి, కర్ర చీలతో బిగించారు. పలక వెనక మసి తుడిస్తే పిన్ని అత్తగారి పేరు, 1951 అని కనబడ్డాయి. ఇన్నాళ్ళూ దాని మీదే పడుకున్నా ఆ సంగతి పిన్నికి తెలీదు!

ఆ ఏడు చూసుకోవడం ఇంకో రకంగానూ అవసరమే. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, కళాపరమైన విలువ ఉన్న వస్తువు వందేళ్ళు దాటితే దాన్ని మనం గాని వర్తకులు గాని దేశం దాటించకూడదు. దాటిస్తే జైలు. అలాంటివాటితో వ్యాపారం చేసేవాళ్ళకి లైసెన్సు ఉండాలి. రాత ప్రతులకైతే డెబ్బై అయిదేళ్ళే. కాబట్టి పూజగదిలోని పాత విగ్రహాలు, తాటాకు పుస్తకాలు ఎవడో వచ్చి డబ్బు చూపించాడని ఇచ్చేయకండి, అది వేరే గొడవ. జిట్రేగి, అదే రోజ్‌వుడ్ సామానుకి కూడా దేశం దాటించాలంటే 2017 నుంచి కాగితాలు ఎక్కువయ్యాయి. మన మంచానికి వందేళ్ళు నిండలేదు, మనం అమెరికా పంపబోవడమూ లేదు. అయినా కొనేవాడు అడిగితే చెప్పడానికి ఉండాలి కదా.

ఫోటోల కోసం మంచాన్ని పొద్దుటి వెలుగులో అరుగు మీద పెట్టించాం. వెనకాల తెల్ల దుప్పటి కట్టాం. నాలుగు వైపులా, పేరూ ఏడూ దగ్గరగా, ఒక కోడుకి పురుగు తొలిచిన చిల్లులు, ఒక పలకకి పగులు, ఇవి కూడా తీశాం. పిన్నికి ఇది అస్సలు నచ్చలేదు. "మన లోపాలు మనమే సూపించుకుంటామేటే?" అంది. దాచిపెడితే ఇంటికొచ్చాక చూస్తాడు, అప్పుడు ధర తగ్గించేది వాడే. కొలతలు టేపుతో అంగుళాల్లో రాశాం. మా అమ్మాయి వాటన్నిటినీ పాత సామాన్లు అమ్ముకునే ఒక సైటులోనూ, ఫేస్‌బుక్కులోనూ పెట్టింది.

ఇక ఫోన్లే ఫోన్లు! "నాలుగు వేలకి ఇస్తారా" అనేవాళ్ళు, "అడ్రసు చెప్పండి" అని మళ్ళీ పలకనివాళ్ళు. ఒకడైతే, నేను మిలట్రీలో ఉన్నాను, మంచం చూడక్కర్లేదు, డబ్బు ఇప్పుడే పంపిస్తాను, నేను పంపిన బొమ్మని మీ ఫోనులో స్కాన్ చేసి పిన్ నొక్కండి అన్నాడు. పిన్ని సంతోషంగా ఫోను తీయబోయింది. మా అమ్మాయి లాక్కుంది. చెల్లెళ్ళూ, ఈ ఒక్కటి మాత్రం పొయ్యిగట్టు మీద రాసి పెట్టుకోండి: మనకి డబ్బు రావడానికి స్కాన్ చేయక్కర్లేదు, పిన్ నొక్కక్కర్లేదు. పిన్ నొక్కామంటే మన ఖాతాలోంచి పోతుంది. ఈ మోసంలో చదువుకున్నవాళ్ళే ఎందరో పడ్డారు.

మూడో వారంలో విశాఖ నుంచి ఒక వర్తకుడు వచ్చాడు. పాత తలుపులు, స్తంభాలు, మంచాలు కొని బాగుచేయించి, హోటళ్ళకీ, సముద్రం ఒడ్డున విడిది ఇళ్ళు కట్టేవాళ్ళకీ అమ్ముతాడట. తమిళనాడులో కారైక్కుడి, కొచ్చిలో మట్టాంచేరి పాత సామాన్ల వీధుల పేర్లు వినే ఉంటారు. ఆ వైపు సరుకు తగ్గి ఇప్పుడు మన వైపు చూస్తున్నాం అన్నాడు. మంచం కింద టార్చి వేసి అరగంట చూశాడు. పిన్ని నలభై అంది, ఆయన ఇరవై అన్నాడు. చివరికి ముప్ఫై రెండు వేలకి కుదిరింది. డబ్బు బ్యాంకులో పడ్డాకే కోళ్ళు విప్పనిచ్చాం. ఏం అమ్మాం, ఎంతకి అమ్మాం అని రెండు చీటీలు రాసి ఇద్దరూ సంతకాలు చేసుకున్నారు. ఆయన రేపు దాన్ని మూడింతలకి అమ్ముకుంటాడేమో, అమ్ముకోనివ్వండి. లారీ, మరమ్మతు, కొట్టు అద్దె ఆయనవే. మా ఆయన మాత్రం "ఇంకో నెల ఆగితే యాభై వచ్చేది" అని ఇప్పటికీ సాధిస్తున్నారు. ఆటోవాడు నెల ఆగడు కదండీ.

ఇంతకీ అమ్మకుండా ఉంచుకునేవాళ్ళకి రెండు ముక్కలు. పాత కర్రని నీళ్ళతో కడగకండి, పొడి నూలు గుడ్డతో తుడవండి. మసి పట్టి ఉంటే కొద్దిగా తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించి రుద్దితే చాలు, వార్నిష్ అక్కర్లేదు. చిన్న చిల్లుల్లోంచి పొడి రాలుతుంటే లోపల పురుగు ఇంకా బతికే ఉందన్నమాట, వడ్రంగికి చూపించండి. గోడకి ఆనించి పెట్టకండి, చెద గోడలోంచే వస్తుంది. మీ అత్తగారో అమ్మమ్మో ఉంటే, ఏ వస్తువు ఎవరి పెళ్ళికి వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. నేను రాయడం మొదలుపెట్టాను. భోషాణం పేజీ మాత్రం ఖాళీగా ఉంది.

మంచం లారీ ఎక్కుతుంటే ఆ వర్తకుడు పిన్ని గదిలోకి తొంగిచూసి, "ఆ ఆకుల పెట్టె కూడా ఇస్తారా అమ్మా, మంచి ధర ఇస్తాను" అన్నాడు. ఇత్తడి ఆకుల పెట్టె, లోపల సున్నం కాయకి వేరే గూడు కూడా ఉంది. పిన్ని తల అడ్డంగా ఊపింది. బాబాయి డయాలసిస్ చీటీలన్నీ అందులోనే దాచుకుంటోంది.