నాణెపు ఆటలు – ఫర్మ్‌వేరు – మన కంప్యూటరు గది

కళాశాల కంప్యూటరు గది పాఠములకే గాని ఆటలకు కాదనునది పెద్దల వాదము. దానిని నేను కొట్టివేయను. అయితే నాణెము వేసి ఆడు పాత ఆర్కేడ్ ఆటను నేటి కంప్యూటరుపై నడుపబూనిన విద్యార్థి, ఆట మొదలు కాకముందే ఎంత నేర్చుకొనునో కార్యవర్గము వారు ఆలోచింపవలెనని నా మనవి.

1990లో జపాను దేశపు ఎస్.ఎన్.కె. సంస్థ నియో జియో యంత్రమును వెలువరించినది. పాక్‌మాన్ వంటి పూర్వపు యంత్రములలో ఆట అంతయు బోర్డుమీదనే యుండెడిది. నియో జియోలో బోర్డు స్థిరము. ఆటల క్యాట్రిడ్జిలు మాత్రమే మారును. నాణెములు లెక్కించుట, తన్ను తాను పరీక్షించుకొనుట, తాను ఏ దేశపు యంత్రమో ఆటకు తెలుపుట – ఇవి బోర్డులోని ఫర్మ్‌వేరు పనులు. పి.గన్నవరము వారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు. వైనతేయ పాయను దాటించు అక్విడక్టు లేనిదే కాలువ నీరు నగరము లంకకు చేరునా?

ఇటలీ దేశీయుడు నికోలా సల్మోరియా 1997లో వెలువరించిన మేమ్ అను ఎమ్యులేటరు యంత్రమును అనుకరించును గాని, ఫర్మ్‌వేరును తనతో తేదు. ‘నియోజియో’ అను జిప్ ఫైలును ఆట ఫైలుతోపాటు రోమ్స్ ఫోల్డరులో నుంచవలెను. పేరు మార్చరాదు; విప్పి అందలి ఫైళ్లను చెల్లాచెదరు చేయరాదు. నేనట్లే విప్పి మూడు సాయంకాలములు వృథా గావించితిని. పేరు సరిపోయినంత మాత్రమున చాలదు. లోపలి ప్రతి చిప్పు నకలునకును సి.ఆర్.సి., ఎస్.హెచ్.ఎ.-1 అను గుర్తింపు సంఖ్యలు కలవు; ‘వెరిఫైరోమ్స్’ ఆదేశము వానిని సరిచూచి, ఏది లోపించినదో చెప్పును. దత్తాంశము చెడకుండ నున్నదని రుజువు చేయుటకు ఇంతకన్న మంచి ప్రయోగపాఠము నాకు కనిపింపలేదు.

ఇక చిక్కు ఇచటనే. ఆ ఫైలు ఎక్కడినుండి తెచ్చితివని అడిగిన, మిత్రులలో పెక్కుమంది మౌనము వహింతురు. 1957 నాటి మన కాపీరైటు చట్టములో 1984 సవరణచే కంప్యూటరు ప్రోగ్రాములును చేరినవి. యంత్రము పాతదైనంతనే దాని ఫర్మ్‌వేరు ఊరుమ్మడి సొత్తు కాజాలదు. అపరిచితుల నుండి తెచ్చిన ఫైలును కళాశాల యంత్రమున నుంచుట తప్పేయని నా నిశ్చితాభిప్రాయము.

అట్లని ఈ విద్యనే నిషేధించుట తగదు. 1993లో వచ్చిన కాప్‌కామ్ వారి సి.పి.ఎస్.-2 బోర్డులో రహస్య సంకేతములు చిన్న బ్యాటరీ ఆధారమున నిలుచును; బ్యాటరీ అడుగంటిన సంకేతములు చెరిగి బోర్డు మూగపోవును. 2007లో సల్మోరియా, ఆంద్రేయాస్ నైవే ఆ గూఢలిపి పద్ధతిని ఛేదించిరి గనుకనే ఆ యంత్రముల నడక నేటికిని మనకు తెలియుచున్నది. ఇట్టి శ్రమను ఆటపాటలని తీసివేయవచ్చునా?

కావున కార్యవర్గము వారు వారమున కొక గంట అనుమతించి, తెచ్చిన ప్రతి ఫైలునకు మూలమేదో పుస్తకములో వ్రాయించిన చాలును. హక్కుదారులే ఉచితముగ ఆడుకొననిచ్చిన గ్రిడ్లీ, రాబీ రోటో వంటి ఆటలు కలవు. ముందు వానితో ప్రారంభింపవచ్చును. వానికి ప్రత్యేక ఫర్మ్‌వేరు ఫైలుతో పనియే లేదు.