సౌందర్య పోషణము: మొటిమల గుంటలు, లేజరు చికిత్స

గడచిన మాసమున పటాన్‌చెరు నుండి యొక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. పిల్ల పాశమైలారమున నొక మందుల కర్మాగారములో పని చేయుచున్నది. చెక్కిళ్లనిండ గుంటలు, వాని నడుమ ఎఱ్ఱని క్రొత్త మొటిమలు. "పెండ్లికి నెలన్నరే ఉన్నదమ్మా. నా పుస్తెలతాడు కుదువబెట్టి లేజరు చేయిద్దామనుకుంటున్న" అని తల్లి చెప్పెను. మేము వెంటనే వలదంటిమి.

లేజరు చెడ్డదని కాదు. గుంటలకు విరివిగా వాడు కార్బన్ డయాక్సైడు లేజరును (చిన్ననాడు మనము బొగ్గుపులుసు వాయువని చదివినది ఇదియే) 1964లో కనిపెట్టినవారు బారామతిలో జన్మించిన కుమార్ పటేల్‌గారు. ఆ కిరణమును చర్మములోని నీరు గ్రహించి వేడెక్కును. పూర్వము పైపొరనంతయు తీసివేసెడివారు. 2004లో వెలువడిన యొక క్రొత్త యోచన ననుసరించి, నేడు కిరణమును జల్లెడ కన్నములవలె సూక్ష్మ బిందువులుగా ప్రసరింపజేసి నడుమ చర్మమును విడిచిపెట్టుచున్నారు. ఆ విడిచిన చర్మమే గాయమును త్వరగా మాన్పును. అడుగున క్రొత్త పదార్థము కొన్ని నెలలపాటు నెమ్మదిగా పెరిగి గుంటను పైకి తెచ్చును. ఇది నెలన్నరలో ముగియు పని కాదు. నాలుగారు వారముల కొకమారు చొప్పున పెక్కుమారులు చేయింపవలెను. అప్పటికిని గుంటలు తగ్గునే గాని పూర్తిగా మాయవు. సూదితో పొడిచినట్లుండు లోతు గుంటలకు వేరు చికిత్సలు కలవు.

అన్నిటికంటె ముందు మొటిమలు అణగవలెను. ఒకవైపు పాత గుంటలు పూడ్చుచు, మరియొకవైపు క్రొత్తవి పడుచుండ నేమి లాభము? పూతమందుల గుణము తెలియుటకే రెండు మూడు నెలలు పట్టును. మొండి మొటిమలకు వైద్యులు ఐసోట్రెటినాయిన్ అను మాత్ర లిచ్చుట కలదు. గర్భవతి దానిని తాకరాదు. శిశువునకు ఘోరమైన అంగవైకల్యములు కలుగును. మాత్రలు మానిన పిదప నొక మాసమువరకును గర్భము రాకుండ చూచుకొనవలెను. కావున పెండ్లి సంగతి వైద్యునితో దాచరాదని తల్లికి గట్టిగా చెప్పితిమి.

ఏమి పూయుచున్నావని పిల్లను అడుగగా, సంచిలోనుండి యొక గొట్టము తీసెను. తెల్లబడుటకని పొరుగింటి వదిన యిచ్చినదట! దానిపై మొమెటసోన్ అని యున్నది. అది స్టెరాయిడు. మొదట ముఖము నిగనిగలాడును. పిమ్మట చర్మము పలుచబడి, ఎఱ్ఱబారి, మొటిమలు రెట్టింపగును. ఇట్టి పూతలలో పెక్కింటిని వైద్యుని చీటి లేక అమ్మరాదని ప్రభుత్వమువారు 2018లో కట్టడి చేసిరి. బీటామెథసోన్, క్లోబెటసోల్ అను పేర్లును చూచుకొనుడు. చాలకాలము పూసినవారు హఠాత్తుగా మానినచో ముఖము భగ్గుమనును. వైద్యుని సలహాతో మానవలెను.

మన చామనచాయ చర్మమునకు లేజరు తరువాత నల్లమచ్చ లేర్పడు భయము హెచ్చు. ఎండ తగులకుండ కాపాడుకొనుట తప్పనిసరి. యంత్రము పట్టువాడు చర్మవైద్యుడా, కాదా యని అడుగుటకు సిగ్గుపడకుడు. గుంట లేని వట్టి నల్లమచ్చ యైనచో తరచు కొన్ని నెలలకు తానే పలుచనగును. దానికై నగలు కుదువపెట్ట నక్కరలేదు.

పిల్ల ఇప్పుడు చర్మవైద్యు డిచ్చిన పూతమందు వాడుచున్నది. లేజరు మాట వచ్చే యేడు చూతమని ఆయన చెప్పినాడట. ఈ మాసాంతమున వివాహము. వరుడు పిల్లను చూచి యొప్పుకొన్ననాడును ఆ గుంటలున్నవే గదా!